పక్షవాతంతో మంచం పట్టిన నాన్నకు సర్కారు సాయం: ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ దొరకదు

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాన్నకు 72 ఏళ్ళు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పూర్తిగా పడిపోయింది. ఆసుపత్రి ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద గట్టెక్కింది గానీ, ఇంటికి తెచ్చుకున్నాక అసలు కష్టం మొదలైంది. ఈమె ప్రైవేటు స్కూల్లో టీచరు, తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం. నాన్నకు వృద్ధాప్య పింఛను 4,000 వస్తోంది. ఇంటికి వచ్చి చూసుకునే ఆయాకు నెలకు 18,000 అడుగుతున్నారు, ప్రైవేటు కేర్ సెంటర్లో పెడితే 26,000 అంటున్నారు. "నర్సింగ్ హోమ్‌లో పెట్టడానికి ప్రభుత్వం ఏమైనా డబ్బు ఇస్తుందా? లేకపోతే ప్రభుత్వ వృద్ధాశ్రమంలో సీటు దొరుకుతుందా? అసలు అలా పెట్టడం తప్పా?" అని అడిగింది.

అమ్మా, నేను చంద్రగిరి వైపు ఒక వృద్ధాశ్రమంలో 17 ఏళ్ళు ఇంచార్జిగా పనిచేశాను. గ్రాంటు కాగితాలు రాశాను, తనిఖీకి వచ్చినవాళ్ళకు రిజిస్టర్లు చూపించాను, రాత్రిళ్ళు మంచాల మధ్య తిరిగాను. నాకు తెలిసినంత వరకు దాచకుండా చెప్తాను.

ముందు ఒక మాట సరిచేసుకోవాలి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అని బోర్డు ఉంటే అది కాన్పులూ ఆపరేషన్లూ చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. మీరు వెతుకుతున్నది అది కాదు. నెలల తరబడి మంచంలో ఉన్న మనిషికి అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచి, పక్కకు తిప్పి, మందులు వేసే చోటు మీకు కావాలి. దానికి తెలుగులో సరైన పేరు కూడా ఇంకా స్థిరపడలేదు. ప్రభుత్వ లెక్కల్లో దానికి ఖానా లేకపోవడమే మీ కష్టానికి మూలం. జబ్బు చేస్తే ఆసుపత్రికి డబ్బు కట్టే పథకాలు ఉన్నాయి. దిక్కులేని ముసలివాళ్ళకు నీడ ఇచ్చే పథకాలు ఉన్నాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశాక, ఇంట్లో మనుషులు ఉండి కూడా చూసుకోలేని పరిస్థితి ఉంటుంది చూడండి, దానికి నేరుగా డబ్బు కట్టే పథకం మన రాష్ట్రంలో లేదు. జపాన్‌లో 2000 నుంచి ఇలాంటి సంరక్షణకు విడిగా బీమా ఉంది. 40 ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళూ దానికి ప్రీమియం కడతారు. మనకు అలాంటిది రాలేదు. కాబట్టి మీరు నాలుగు వైపుల నుంచి ముక్కలు ముక్కలుగా సమకూర్చుకోవాలి. అందులో ఒక ముక్క చాలా పెద్దది. అది మీ చేతికి అందే దూరంలోనే ఉందని మీ ప్రశ్న చదవగానే అనిపించింది.

అదే పింఛను. మీ నాన్నకు వస్తున్న 4,000 వయసును బట్టి ఇచ్చేది. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి పెంచిన మొత్తాల్లో వికలాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000 ఉన్నాయి. ఒక మనిషికి ఒక పింఛనే. కాబట్టి ఇది అదనంగా వచ్చేది కాదు, వృద్ధాప్యం నుంచి ఆ కేటగిరీకి మార్చమని అడగాలి. చాలా ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఏంటంటే, మనిషి మంచాన పడకముందు నుంచీ పింఛను వస్తూ ఉంటుంది కాబట్టి "మనకు వస్తోంది కదా" అని ఊరుకుంటారు. నెలకు 11,000 తేడా. మీకు చెప్పిన ఆయా జీతంలో సగానికి పైనే.

మీ వార్డు సచివాలయంలో సంక్షేమ కార్యదర్శిని కలవండి. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ రిపోర్టు, ఆధార్, బియ్యం కార్డు పట్టుకెళ్ళండి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి స్లాటు బుక్ చేయమని అడగండి. ప్రభుత్వాసుపత్రి డాక్టర్లు చూసి ఇచ్చే ఆ సర్టిఫికెట్టే అన్నింటికీ పునాది. దాంతోపాటు వచ్చే యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, పన్ను మినహాయింపుకు కూడా పనికొస్తుంది. స్లాటు రోజున నాన్నను ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళాలి అన్నదే పెద్ద టెన్షన్. పొద్దున్నే వెళ్ళండి, ఒక దుప్పటి, రెండు డైపర్లు, గ్లూకోజు నీళ్ళు ఉంచుకోండి, మీరొక్కరే మాత్రం వెళ్ళకండి. మనిషిని కుర్చీలోంచి ఎత్తడానికి మరో చెయ్యి కావాలి.

ఇంకో విషయం. 2025 జనవరిలో ఈ 15,000 పింఛను తీసుకునేవాళ్ళ ఇళ్ళకు డాక్టర్ల బృందాలు వెళ్ళి మళ్ళీ పరీక్షలు చేశాయి. మీ ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. వాళ్ళు వచ్చినప్పుడు కొంతమంది పెద్దవాళ్ళు పరువు కోసమో, కొత్తవాళ్ళ ముందు మొహమాటం కొద్దో "నేను బాగానే ఉన్నాను, నడుస్తాను" అనేస్తారు. మా ఆశ్రమంలో ఒక తాత, రెండడుగులు వేస్తే పడిపోయే మనిషి, డాక్టర్ అడగ్గానే మంచం పట్టీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎవరైనా చూస్తే ముచ్చటేస్తుంది. కాగితం మీద మాత్రం "నిలబడగలడు" అని పడిపోతుంది. కాబట్టి నాన్నకు ముందే నెమ్మదిగా చెప్పండి, ఉన్నది ఉన్నట్టు చెప్పడంలో సిగ్గు లేదని. మీరు పక్కనే ఉండి స్నానం ఎవరు చేయిస్తారు, మంచంలోంచి ఎవరు లేపుతారు, రాత్రి ఎన్నిసార్లు తిప్పుతారు అన్నవి వివరంగా చెప్పండి.

పింఛను ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తారు. పక్షవాతం వచ్చిన చేతికి వేళ్ళు ముడుచుకుపోతాయి. మా ఆశ్రమంలో ఒక అవ్వ బొటనవేలు మిషన్ మీద పెట్టాలంటే ముందు ఆ పిడికిలి విప్పాలి. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టి, ఒక్కో వేలూ మెల్లగా సాగదీసి, అరచేయి తుడిచి, అప్పుడు పెట్టేవాళ్ళం. అయినా గీతలు అరిగిపోయి మూడుసార్లకు గానీ పడేది కాదు. వేలిముద్ర పడకపోతే ముఖం చూపించో, కనుపాపతోనో చేసే వీలు ఉంది, అడగండి. "ముద్ర పడలేదు" అని వెనక్కి వెళ్ళిపోనివ్వకండి. తర్వాత మీరు నాన్నను వేరే ఊళ్ళో ఎక్కడైనా చేర్పిస్తే పింఛనును అక్కడి సచివాలయానికి బదిలీ చేయించుకోవాలి. లేదంటే ఒకటో తారీఖున మనిషి ఇంట్లో ఉండడు, డబ్బు ఆగిపోతుంది.

ఇది చదివే మిగతావాళ్ళకు కూడా ఒక మాట. పింఛనుకు కుటుంబ ఆదాయం, పొలం, కారు, కరెంటు బిల్లు, ఆదాయపు పన్ను అన్నీ చూస్తారు. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటూ పన్ను కట్టే కొడుకు పేరు తల్లిదండ్రుల బియ్యం కార్డులోనే మిగిలిపోయి ఉంటుంది, దాంతో దరఖాస్తు తిరగ్గొట్టేస్తారు. నిజంగా వేరు కాపురమైతే ఆ పేరు తీయించుకోవడం న్యాయమే. వేరు కాపురం కాకుండా కాగితం మీద మాత్రమే వేరుచేస్తే రేపు తనిఖీలో ఉన్నది కూడా పోతుంది.

మీ తమ్ముడి సంగతికి వస్తాను. తీవ్ర వైకల్యం ఉన్న తల్లిదండ్రులు తన మీదే ఆధారపడి ఉంటే, పాత పన్ను విధానంలో 1,25,000 వరకు ఆదాయంలో తగ్గించి చూపించుకోవచ్చు. ఇన్నాళ్ళూ అందరూ 80డీడీ అని పిలుస్తున్నది ఇదే. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకు ఏడాదికి సుమారు 39,000 మిగులుతుంది. పింఛను అయితే ఏడాదికి 1,80,000. ఒకచోట "నాన్న పూర్తిగా నా మీదే ఆధారపడ్డారు" అని, ఇంకోచోట "నాన్నది వేరే పేద కుటుంబం" అని రాసిస్తే రెండు మాటలూ పొసగవు. తమ్ముడితో కూర్చుని నిజం ఏదో అది తేల్చుకుని ఒక దారి ఎంచుకోండి. పింఛను దారే అయితే తమ్ముడు తన వంతు నేరుగా ఆయా జీతంలో ఇవ్వాలి.

ఇక మీ రెండో ప్రశ్న, ప్రభుత్వ వృద్ధాశ్రమం. ఇక్కడ మిమ్మల్ని నిరాశపరచక తప్పదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 19వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకూ కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి సరిపడేది, పెట్టవచ్చు. "పెట్టవచ్చు" అనే రాశారు, "పెట్టి తీరాలి" అని రాయలేదు. ఆ ఒక్క మాటతో ఎన్ని మంచాలు పోయాయో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుసు. పైగా ఆ మంచాలు దిక్కులేనివాళ్ళకు. ఇద్దరు సంపాదించే పిల్లలున్న మీ నాన్న ఆ లెక్కలోకి రారు.

కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చి నడిపించే హోమ్‌లు ఉన్నాయి. 1992లో మొదలైన పథకం పేరు మార్చుకుంటూ వచ్చి ఇప్పుడు అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగంగా ఉంది. మామూలు హోమ్ 25 మందితో ఉంటుంది, తిండి, నీడ, మందులు ఉచితం. అక్కడ కూడా నిరుపేదలకే చోటు. ఇంకో చిక్కు ఉంది, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. ఈ హోమ్‌లు ఎక్కువగా తమ పని తాము చేసుకోగలిగినవాళ్ళనే చేర్చుకుంటాయి. 25 మందికి ఇచ్చే సిబ్బందితో మంచాన పడ్డవాళ్ళను ఒకరిద్దరిని మించి చూడలేం. మేము కాదన్నప్పుడల్లా గేటు దగ్గర నిలబడ్డ కూతుళ్ళ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. నిరంతరం నర్సింగ్ అవసరమైనవాళ్ళకూ, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకూ విడిగా హోమ్‌లు నడపడానికి అదే పథకంలో ఒక విభాగం ఉంది, కనీసం 20 మందితో. మన జిల్లాలకు అసలు కావలసింది అవి. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరా అలిపిరి దగ్గరా దర్శనానికని తీసుకొచ్చి వదిలేసి వెళ్ళిన పెద్దవాళ్ళను మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఊరు చెప్పలేరు, పేరు చెప్పలేరు, కొందరు లేవలేరు. ఇంతమంది యాత్రికులు వచ్చే ఊరికి అలాంటి హోమ్ ఒకటి కాదు, నాలుగు ఉండాలి.

గ్రాంటు హోమ్ ఎలా నడుస్తుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే రేపు మీరు ఏ హోమ్‌ను చూడ్డానికి వెళ్ళినా ఇది పనికొస్తుంది. డబ్బు వాయిదాల్లో వస్తుంది. తనిఖీ రిపోర్టు, ఆడిట్ లెక్క, ఖర్చు చేసినట్టు సర్టిఫికెట్, ఇవన్నీ వెళ్ళాకే తర్వాతి వాయిదా. ఒక ఏడాది మాకు రావాల్సిన డబ్బు నెలల తరబడి రాలేదు. బియ్యానికి, కందిపప్పుకు అంగట్లో ఖాతా పెట్టి తెచ్చాం. నూనె తగ్గించాం, పాలు తగ్గించాం. ఆయాలిద్దరికి జీతం ఇవ్వలేక, ఒకామె మానేసి వెళ్ళిపోయింది. ఆమె పోయిన పదిహేను రోజుల్లోనే ఒక అవ్వకు నడుము కింద పుండు పడింది. మొదట రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ, వేలితో నొక్కితే తెల్లబడలేదు. అక్కడే పట్టుకోవాల్సింది. రాత్రి తిప్పే మనిషి లేక వారంలో చర్మం ఊడింది. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. వాయిదా ఆలస్యమైతే కాగితం మీద ఏమీ కనపడదు, మంచం మీద కనపడుతుంది. గ్రాంటు తీసుకునే హోమ్‌లను తిట్టకండి, ఆలస్యమైతే గట్టిగా అడిగే ఓపిక మాత్రం ఊరి పెద్దలకు, ఎమ్మెల్యేలకు ఉండాలి.

అందుకే నేను ఎప్పుడూ అంటాను, ఒక్క గ్రాంటు మీదే ఆధారపడిన హోమ్ నిలబడదు. కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో వృద్ధాశ్రమాలు పేరుతో సహా ఉన్నాయి. మన జిల్లాలోనే శ్రీసిటీ ఉంది. అక్కడి కంపెనీల నుంచి స్కూలు బల్లలు, నీటి ప్లాంట్లు అడిగినంత తేలిగ్గా, మంచం పట్టినవాళ్ళ కోసం పది ఎయిర్ బెడ్‌లు, రాత్రి డ్యూటీకి ఇద్దరు మనుషుల జీతం ఎందుకు అడగకూడదు? జిల్లా అధికారులూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి అడిగితే అయ్యే పని ఇది.

చిన్న చిన్న ముక్కలు ఇంకొన్ని ఉన్నాయి. నాన్నకు 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. 2024 అక్టోబరులో మొదలైంది, ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స. ఇది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఆయా జీతానికి రాదు. మళ్ళీ చేరాల్సి వస్తే అప్పటికప్పుడు పరిగెత్తకుండా ఉంటుంది. రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చక్రాల కుర్చీ, కమోడ్ కుర్చీ, ఒత్తిడి తగ్గించే కుషన్ ఉచితంగా ఇస్తారు. ఈ పథకాన్ని 2017 ఏప్రిల్ 1న మన పక్కనే నెల్లూరులో ప్రారంభించారు. శిబిరాలు పెట్టినప్పుడే ఇస్తారు కాబట్టి జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసులో పేరు రాయించి పెట్టండి. ఏ పథకం ఎక్కడ అడగాలో తెలియకపోతే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. సచివాలయంలో పని కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, నంబరు తీసుకుని మరీ రండి.

తమ్ముడు డబ్బు ఇవ్వకపోతే అన్న మాట మీరు అడగలేదు గానీ, మీ ప్రశ్నలో అది వినిపించింది. 2007 చట్టం కింద నాన్న ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, నెలకు 10,000 వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు, 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెప్తోంది. ఆ 10,000 పరిమితి ఎత్తేయాలని, ఇంటి దగ్గర సంరక్షణ ఇచ్చే సంస్థలను రిజిస్టర్ చేయాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ ముగిసింది. నా సలహా అయితే ట్రిబ్యునల్ చివరి మెట్టు. ముందు తమ్ముడికి ఒక వారం సెలవు పెట్టి వచ్చి నాన్నను తనే చూసుకోమనండి. రాత్రి రెండు గంటలకు లేచి తండ్రిని పక్కకు తిప్పినవాడు డబ్బు లెక్క వేరేగా మాట్లాడతాడు. ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

ఈ గొడవలో ఇల్లు రాయించుకునే మాట ఎవరి నోటి నుంచీ రానివ్వకండి. "చూసుకుంటాం" అని నోటిమాట మీద గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేయించుకుని తర్వాత వదిలేసినవాళ్ళ తల్లిదండ్రులు మా ఆశ్రమంలో ఉండేవాళ్ళు. పోషించాలన్న షరతు మీద రాసిన దస్తావేజు అయితే, ఆ మాట తప్పినప్పుడు 2007 చట్టం 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు, 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను పెద్దవాళ్ళకు మేలు జరిగేలా ఉదారంగా చూడాలని చెప్పింది. ఒకవేళ రాయాల్సే వస్తే, పోషించాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి.

మూడో ప్రశ్న, తప్పా అని. తప్పు కాదమ్మా. వదిలేయడం వేరు, చేర్పించడం వేరు. మా దగ్గర పాకాల నుంచి ప్రతి ఆదివారం బస్సులో వచ్చి తండ్రికి రాగి సంగటి తినిపించి వెళ్ళిన కూతురు ఉండేది. ఆయన వారమంతా ఆదివారం ఎప్పుడని అడిగేవాడు. ఇంట్లో ఉండి మూడు పూటలా ఎవరూ పలకరించని వాళ్ళనూ చూశాను. మీకు నా లెక్క ఏంటంటే, పింఛను 15,000కు మారేలోపు ఒక పూట ఆయాతో నడపండి, మారాక పూర్తి రోజుకు పెంచండి, తమ్ముడు మిగతాది ఇవ్వాలి. మీ అమ్మకు ఒళ్ళు సహకరించకపోయినా, మీ ఉద్యోగం పోయేలా ఉన్నా, నాన్నకు ట్యూబు ద్వారా ఆహారం పెట్టే స్థితి వచ్చినా అప్పుడు కేర్ సెంటర్ ఆలోచించండి. 60 దాటినవాళ్ళ దగ్గర నెలకు 25,000 లోపు తీసుకునే రిజిస్టర్డ్ ట్రస్టు హోమ్‌లకు జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే ఎందుకని అడగండి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళకండి. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళ్ళండి, భోజనాలు అయిపోయి సిబ్బంది కూర్చునే వేళ అది. లోపలికి అడుగు పెట్టగానే మూత్రం వాసన కొడుతుందా చూడండి. ఫినాయిల్ వాసన మరీ ఘాటుగా ఉన్నా అనుమానించండి. మంచాన పడ్డ ఒకరి దగ్గరికి వెళ్ళి, వాళ్ళ అనుమతి అడిగి, మడమల దగ్గర పుండ్లు పడ్డాయేమో చూడండి. నీళ్ళ గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందో లేదో చూడండి. పక్కకు తిప్పిన టైము రాసే కాగితం ఉందా, అందులో రాత్రి 12, 2, 4 గంటల దగ్గర వేరు వేరు సంతకాలు ఉన్నాయా, లేక ఒకే పెన్నుతో ఒకేసారి పెట్టినట్టు ఉన్నాయా? ఆఖరున మేనేజర్‌ను కాదు, ఊడ్చే ఆమెను అడగండి, రాత్రిపూట ఇక్కడ ఎంతమంది ఉంటారక్కా అని.